పాత ల్యాప్‌టాప్, చిన్న డాంగిల్, మిద్దె మీద తీగ: హామ్ రేడియోకు ఏ సాఫ్ట్‌వేర్ వేసుకోవాలి?

అనంతపురంలో హామ్ రేడియో (లైసెన్సు తీసుకుని సొంత రేడియోతో మాట్లాడుకునే హాబీ) మాట కదిలితే చాలు, మొదట వచ్చే ప్రశ్న ఒకటే: "సార్, ఏ సాఫ్ట్‌వేర్ మంచిది?" జేఎన్‌టీయూలో ఈసీఈ చదివే పిల్లలూ అదే అడుగుతారు, రిటైరయ్యాక రేడియో పట్టుకున్న పెద్దవాళ్లూ అదే అడుగుతారు. కాబట్టి జవాబు ముందే చెప్పేస్తాను. వినడం వరకే అయితే ఎస్‌డీఆర్‌ప్లస్‌ప్లస్. ఎఫ్‌టీ8 లాంటి డిజిటల్ మోడ్‌లకు, అంటే కంప్యూటర్ ద్వారా చిన్న సందేశాలు పంపుకునే పద్ధతులకు, డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్. ఉపగ్రహాల మీద మనసుంటే ఎస్‌డీఆర్ కన్సోల్. మూడూ ఉచితంగా దొరుకుతాయి, చాలామందికి ఇంతకు మించి అవసరం పడదు. అయితే మీ చేతిలో ఉన్న కంప్యూటర్, మీ వీధిలో ఉన్న నాయిస్ (రేడియోలోకి చొరబడే గరగర) ఈ సిఫారసును మార్చేయగలవు. అందుకే ఏది ఎవరికి, ఎందుకు అన్నది కాస్త వివరంగా చెప్పాలి.

పాతకాలపు రేడియోలో స్టేషన్ ఏరడం, వడకట్టడం, గొంతు బయటికి తీయడం అంతా లోపలి సర్క్యూట్లే చేసేవి. ఎస్‌డీఆర్‌లో, అంటే సాఫ్ట్‌వేర్ డిఫైన్డ్ రేడియోలో, పెట్టె చేసే పని కొంచెమే. గాలిలో ఉన్నదాన్ని అంకెలుగా మార్చి యూఎస్‌బీ తీగలోంచి కంప్యూటర్‌కు పంపేస్తుంది. మిగతా పనంతా సాఫ్ట్‌వేర్‌దే. మంచి రేడియో కొని నాసి సాఫ్ట్‌వేర్ వేసుకున్నా, మంచి సాఫ్ట్‌వేర్ వేసి దాన్ని మోయలేని ల్యాప్‌టాప్ ఇచ్చినా చెవికి చేరేది ముక్కలు ముక్కలైన శబ్దమే.

డబ్బు ఖర్చు పెట్టకముందే చేయదగ్గ పని ఒకటుంది. నెదర్లాండ్స్‌లోని ట్వెంటె విశ్వవిద్యాలయం వాళ్లు నడిపే వెబ్‌ఎస్‌డీఆర్‌ను బ్రౌజర్‌లో తెరవండి. మీడియం వేవ్, షార్ట్ వేవ్ అంతా అందులో వినొచ్చు. ప్రపంచమంతటా ఉన్న కివీఎస్‌డీఆర్ రిసీవర్లు కూడా ఇలాగే తెరుచుకుంటాయి. ముందు అక్కడ వాటర్‌ఫాల్, అంటే సిగ్నళ్లు తెర మీద గీతలుగా జారుతూ కనిపించే బొమ్మ, చదవడం నేర్చుకోండి. సన్నగా తెగి తెగి కనిపించే గీత మోర్స్. వెడల్పుగా, ఒక అంచు నిటారుగా కోసినట్టు ఉండేది ఎస్‌ఎస్‌బీ (హామ్‌లు మాట్లాడుకునే పద్ధతి) గొంతు. పక్కపక్కనే గుంపుగా పేరుకుని పదిహేను సెకన్లకోసారి మొదలై ఆగేది ఎఫ్‌టీ8. ఈ మూడూ కంటితో గుర్తుపట్టగలిగితే, తర్వాత మీ ఇంట్లో ఏ సాఫ్ట్‌వేర్ తెరిచినా అయోమయం ఉండదు. పదే పదే అక్కడికే వెళ్లాలనిపిస్తే అప్పుడు డాంగిల్ కొనండి.

డాంగిల్ గురించి క్లుప్తంగా. టీవీ చూడటానికి చేసిన ఆర్‌టీఎల్2832యూ చిప్ ఉన్న యూఎస్‌బీ డాంగిళ్లు రేడియోగా కూడా పనికొస్తాయని 2012లో బయటపడింది. అప్పటినుంచే ఈ హాబీ సామాన్యుడికి అందింది. ఇప్పుడు కొనేవాళ్లు ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ బ్లాగ్ వాళ్ల వీ3 గానీ వీ4 గానీ తీసుకోవడం మేలు. దీనికి నకిలీలు ఆన్‌లైన్‌లో చాలా తిరుగుతున్నాయి, అమ్మేవాళ్లెవరో చూసుకుని కొనండి. మామూలు టీవీ డాంగిల్‌లో క్రిస్టల్ 50 పీపీఎం (పది లక్షలకు 50 వంతులు) వరకు తప్పొచ్చు. 436 మెగాహెర్ట్జ్ దగ్గర అది దాదాపు 22 కిలోహెర్ట్జ్ పక్కకు జరిగినట్టు. వీ3, వీ4లలో ఉన్న టీసీఎక్స్‌ఓ (వేడికి అంతగా జరగని క్రిస్టల్) 1 పీపీఎం, అంటే అదే చోట తేడా 436 హెర్ట్జ్. సాఫ్ట్‌వేర్ ఎంత మంచిదైనా ఈ తేడా రోజూ తలనొప్పే. బడ్జెట్ ఇంకాస్త ఉంటే సిగ్నల్‌ను మరింత సన్నగా కొలిచే 14 బిట్ల ఎస్‌డీఆర్‌ప్లే ఆర్‌ఎస్‌పీ1బీ గానీ, షార్ట్ వేవ్ మీదే ప్రేమ అయితే ఎయిర్‌స్పై హెచ్‌ఎఫ్ ప్లస్ డిస్కవరీ గానీ చూడండి. హ్యాక్‌ఆర్‌ఎఫ్ మాత్రం మొదటి రేడియోగా వద్దు. అది ప్రయోగశాల పరికరం. దాన్నుంచి వచ్చే సిగ్నల్‌ను ఫిల్టర్ లేకుండా యాంటెన్నాకు ఇస్తే హార్మోనిక్స్ (అసలు ఫ్రీక్వెన్సీకి రెట్ల మీద పుట్టే అనవసర సిగ్నళ్లు) ఎక్కడెక్కడికో వెళ్తాయి.

వినడానికి: నాలుగింటిలో ఏది?

ఎస్‌డీఆర్‌ప్లస్‌ప్లస్‌ను నేను ముందు పెట్టడానికి కారణం, అది విండోస్, లైనక్స్, మ్యాక్, ఆండ్రాయిడ్ అన్నింటిలో ఒకేలా ఉంటుంది. కాలేజీ ల్యాబ్‌లో లైనక్స్ మీద నేర్చుకున్నది ఇంట్లో విండోస్ మీద అలాగే పనికొస్తుంది. ఓపెన్ సోర్స్. బరువు తక్కువ. ఎడమ పక్కన పై నుంచి కిందికి సోర్స్, రేడియో, రికార్డర్, సింక్స్ అని వరుసగా ఉంటాయి, వెతుక్కునే పని లేదు. దీనికున్న పెద్ద ఇబ్బంది గ్రాఫిక్స్. బొమ్మంతా ఓపెన్‌జీఎల్ మీద గీస్తుంది కాబట్టి మరీ పాత ల్యాప్‌టాప్‌లలో తెరుచుకోకుండానే మూసుకుపోవచ్చు. తెరుచుకుని నత్తనడక నడిస్తే డిస్‌ప్లే మెనూలోకి వెళ్లి ఎఫ్‌ఎఫ్‌టీ సైజు, ఫ్రేమ్ రేటు తగ్గించండి. చాలాసార్లు దాంతోనే దారికొస్తుంది.

ఎస్‌డీఆర్‌షార్ప్ విండోస్‌లో మాత్రమే నడుస్తుంది. ఎయిర్‌స్పై వాళ్లదే కాబట్టి వాళ్ల రిసీవర్ మీ దగ్గర ఉంటే దీన్ని దాటి వెళ్లక్కర్లేదు. నాయిస్ తగ్గించే పని ఇది బాగా చేస్తుంది, ప్లగిన్లు బోలెడు. ఆ ప్లగిన్లే కొత్తవాళ్లను దారి తప్పిస్తాయి కూడా. కనిపించిన ప్రతిదీ వేసుకుంటూ పోతే, చివరికి శబ్దం ఎందుకు రావట్లేదో ఎవరూ చెప్పలేని స్థితికి వస్తుంది.

హెచ్‌డీఎస్‌డీఆర్ చూడటానికి పాతకాలపు సాఫ్ట్‌వేర్‌లా ఉంటుంది, ఆ మాటకొస్తే పాతదే. అయినా నాలుగు జీబీ ర్యామ్‌తో, ఎప్పటిదో విండోస్‌తో ఈడుస్తున్న ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లకు నేను దీన్నే చెబుతాను. డాంగిల్‌తో మాట్లాడటానికి దీనికి ఎక్స్‌ట్‌ఐఓ అనే డీఎల్‌ఎల్ ఫైల్ విడిగా కావాలి. దాన్ని హెచ్‌డీఎస్‌డీఆర్ ఉన్న ఫోల్డర్‌లోనే పెట్టాలి. అక్కడ పెట్టకపోతే డాంగిల్ లేనట్టే ప్రవర్తిస్తుంది.

లైనక్స్ వాడేవాళ్లకు జీక్యూఆర్‌ఎక్స్ నమ్మకమైనది. గుండీలు తక్కువ, పని శుభ్రం. పైగా జీప్రెడిక్ట్ అనే ఉపగ్రహ ట్రాకర్ దీని ఫ్రీక్వెన్సీని బయటి నుంచి తిప్పగలదు. లైనక్స్‌లో ఒక్కొక్కటీ ఇన్‌స్టాల్ చేసుకునే ఓపిక లేకపోతే డ్రాగన్‌ఓఎస్‌ను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి దాన్నుంచే బూట్ చేయండి. ఎస్‌డీఆర్‌కు కావాల్సినవన్నీ అందులో ముందే వేసి ఉంటాయి, ల్యాప్‌టాప్‌లోని విండోస్ జోలికి పోనక్కర్లేదు.

ఈ వరుసలో గ్నూ రేడియోను కలపకపోవడానికి కారణం ఉంది. అది స్టేషన్లు వినడానికి కాదు, రేడియో ఎలా పనిచేస్తుందో నేర్చుకోవడానికి. ఫిల్టర్, డీమాడ్యులేటర్, ఆడియో అన్నీ డబ్బాలుగా తెర మీద పెట్టి తీగలతో కలుపుతారు. ఇంజినీరింగ్ ప్రాజెక్టు కోసం వెతుకుతున్న పిల్లలైతే కమ్యూనికేషన్ సిస్టమ్స్ పుస్తకం పక్కన పెట్టుకుని ఒక ఎఫ్‌ఎం రిసీవర్ గ్నూ రేడియోలో కట్టండి. పరీక్ష కోసం బట్టీ పట్టిన సూత్రాలు చెవికి వినిపిస్తాయి.

ఫోన్‌లోనూ నడుస్తుందా అని అడుగుతారు. నడుస్తుంది. ఓటీజీ తీగ, ఎస్‌డీఆర్‌ప్లస్‌ప్లస్ ఆండ్రాయిడ్ వెర్షన్ ఉంటే చాలు. కానీ ఎండాకాలంలో ఫోనూ డాంగిలూ రెండూ కాలిపోతాయేమో అన్నంత వేడెక్కుతాయి. పొలం గట్టు మీదికి తీసుకెళ్లి నాయిస్ ఎంతుందో చూసి రావడానికి బాగుంటుంది, అంతవరకే.

విండోస్‌లో మొదటి గంట

కొత్తవాళ్లు ఎక్కువగా చిక్కుకునేది ఇక్కడే, కాబట్టి నెమ్మదిగా చెబుతాను. డాంగిల్ పెట్టగానే విండోస్ దాన్ని టీవీ కార్డు అనుకుని తన డ్రైవర్ వేసేస్తుంది. దాన్ని మార్చడానికి జడిగ్ అనే చిన్న ప్రోగ్రామ్ ఉంది. దాన్ని తెరిచి ఆప్షన్స్‌లో లిస్ట్ ఆల్ డివైసెస్ టిక్ పెట్టండి. పైన ఉన్న జాబితాలో బల్క్-ఇన్, ఇంటర్‌ఫేస్ జీరో అన్నది ఎంచుకోండి. కుడి పక్క డబ్బాలో విన్‌యూఎస్‌బీ ఉందో లేదో చూసి, రీప్లేస్ డ్రైవర్ నొక్కండి. ఈ జాబితాలో మీ మౌస్, కీబోర్డ్, వెబ్‌క్యామ్ కూడా కనిపిస్తాయి. పొరపాటున వాటి డ్రైవర్ మార్చేస్తే మౌస్ ఆగిపోయి కూర్చుంటుంది. అందుకని నొక్కేముందు పేరు ఒకటికి రెండుసార్లు చదవండి. డాంగిల్‌ను వేరే యూఎస్‌బీ పోర్టులో పెడితే ఈ తతంగం మళ్లీ చేయాల్సి రావచ్చు, ఒకే పోర్టుకు అలవాటు పడండి. వీ4 కొన్నవాళ్లు ఆ డాంగిల్ కోసం ఇచ్చిన కొత్త డ్రైవర్ ఫైళ్లే వాడాలి. పాతవాటితో అది తెరుచుకున్నట్టే ఉంటుంది, స్టేషన్లు మాత్రం సరిగా రావు.

లైనక్స్‌లో జడిగ్ అక్కర్లేదు. కెర్నెల్ వేసుకునే డీవీబీ మాడ్యూల్‌ను బ్లాక్‌లిస్ట్ చేసి రీబూట్ చేస్తే సరిపోతుంది.

ఇప్పుడు ఎస్‌డీఆర్‌ప్లస్‌ప్లస్ తెరిచి, సోర్స్‌లో ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ ఎంచుకుని, శాంపిల్ రేటు 2.4 మెగాహెర్ట్జ్ పెట్టి ప్లే నొక్కండి. 3.2 అని కూడా ఉంటుంది, ఆశపడొద్దు, అక్కడ శాంపిళ్లు జారిపోతాయి. ముందు మీ ఊరి ఎఫ్‌ఎం స్టేషన్ ఒకటి పట్టండి. అది సరైన ఫ్రీక్వెన్సీ మీద శుభ్రంగా వినిపిస్తే డ్రైవర్, ఆడియో రెండూ సరిగా ఉన్నట్టే.

తర్వాత గెయిన్, అంటే వచ్చిన సిగ్నల్‌ను ఎంత పెంచాలన్నది. మంచి రిసీవర్‌ను చెడ్డ రిసీవర్‌గా మార్చేది ఈ ఒక్క స్లైడరే. ఆటోమేటిక్ గెయిన్ ఆపేయండి. స్లైడర్‌ను సున్నా నుంచి మెల్లగా పెంచుతూ స్పెక్ట్రమ్ అడుగున ఉన్న గీతను చూడండి. మొదట అది కదలదు. ఒక చోట నుంచి పైకి లేవడం మొదలవుతుంది. అక్కడే ఆగండి. ఇంకా పెంచితే సిగ్నల్ పెద్దదైనట్టు కంటికి కనిపిస్తుంది కానీ నాయిస్ కూడా దాంతోపాటే పెరుగుతుంది, పైగా లేని స్టేషన్లు పుట్టుకొస్తాయి. హామ్‌లు మాట్లాడే 145 మెగాహెర్ట్జ్ దగ్గర ఎఫ్‌ఎం పాట వినిపిస్తోందా? గెయిన్ ఒక మెట్టు దించండి. అసలు సిగ్నల్ అయితే ఆ మెట్టు మేరకే తగ్గుతుంది. దొంగ సిగ్నల్ ఒక్కసారిగా కూలిపోతుంది.

కడప వాళ్లకు ఇందులో ప్రత్యేకంగా చెప్పాల్సింది ఉంది. కడప ఆకాశవాణి మీడియం వేవ్ 900 కిలోహెర్ట్జ్ మీద వస్తుంది. ఎనిమిది బిట్ల డాంగిల్‌ను డైరెక్ట్ శాంప్లింగ్‌లో (ట్యూనర్‌ను దాటేసి యాంటెన్నా సిగ్నల్‌నే నేరుగా అంకెలుగా మార్చే పద్ధతిలో) పెట్టి షార్ట్ వేవ్ వినబోతే, ట్రాన్స్‌మిటర్‌కు దగ్గర్లో ఉన్న ఇళ్లలో ఆ ఒక్క స్టేషనే డాంగిల్‌ను ముంచెత్తగలదు. అప్పుడు 7 మెగాహెర్ట్జ్ మీద ఏమీ వినపడకపోతే సాఫ్ట్‌వేర్ మార్చి లాభం లేదు. యాంటెన్నాకూ డాంగిల్‌కూ మధ్య మీడియం వేవ్‌ను ఆపే ఫిల్టర్ పెట్టాలి. వీ3లో డైరెక్ట్ శాంప్లింగ్‌కు క్యూ బ్రాంచ్ ఎంచుకోవాలి. వీ4లో ఆ అవసరమే లేదు, షార్ట్ వేవ్‌ను పై ఫ్రీక్వెన్సీకి మార్చే అప్‌కన్వర్టర్ లోపలే ఉంది. షార్ట్ వేవ్ కోసమే డాంగిల్ కొంటున్న కడప వాళ్లు వీ4 వైపే మొగ్గడం మంచిది.

సాఫ్ట్‌వేర్ తప్పు అనిపించే నాయిస్

"సాఫ్ట్‌వేర్ మార్చాను సార్, అయినా అంతే" అని వచ్చేవాళ్లలో చాలామంది ఇంట్లో చిక్కు సాఫ్ట్‌వేర్‌లో ఉండదు. వాటర్‌ఫాల్‌లో సమాన దూరంలో నిలువు గీతలు పేర్చినట్టు కనిపిస్తే అది దగ్గర్లోని ఏదో అడాప్టర్. ఎల్‌ఈడీ బల్బు, ఫైబర్ నెట్ పెట్టె, ఫోన్ ఛార్జర్, బైకు ఛార్జర్ ఏదైనా కావచ్చు. పగలంతా ఉండి పొద్దు గూకగానే మాయమైతే మీ మిద్దె మీదో పక్కింటి మిద్దె మీదో ఉన్న సోలార్ ఇన్వర్టర్ అనుకోండి. మా వైపు సోలార్ ప్యానెళ్లు పెరిగేకొద్దీ ఇది ఎక్కువవుతోంది. తోట దగ్గర ఉన్నవాళ్లకు బోరు మోటారు వేగం మార్చే వీఎఫ్‌డీ ప్యానెల్ మరో తంటా, మోటారు నడిచినంతసేపూ బ్యాండ్ మొత్తం గరగరమంటుంది.

పరీక్ష చాలా తేలిక. ల్యాప్‌టాప్‌ను బ్యాటరీ మీద పెట్టి, డాంగిల్ నడుస్తుండగా ఇంటి మెయిన్ స్విచ్ దించండి. అడుగు గీత ఎంత పడిపోయిందో చూసి ఆ అంకె రాసుకోండి. తర్వాత ఎంసీబీలు ఒక్కొక్కటే ఎత్తుతూ పోతే ఏ గది నుంచి వస్తోందో తెలిసిపోతుంది. కరెంటు కోతను ఇంత సంతోషంగా వాడుకునేది హామ్ రేడియో వాళ్లమే. ఊరంతా కరెంటు పోయినప్పుడు వాటర్‌ఫాల్ చూడండి, మీ ఇంటి యాంటెన్నా అసలు శక్తి అప్పుడు కనిపిస్తుంది. డాంగిల్‌ను ల్యాప్‌టాప్‌కు నేరుగా గుచ్చకుండా పొట్టి యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్‌తో దూరంగా పెట్టి, ఆ తీగకు ఫెరైట్ బిగిస్తే ల్యాప్‌టాప్ సొంత నాయిస్ కూడా తగ్గుతుంది. ఇవన్నీ చేశాకే నాయిస్ బ్లాంకర్ గుండీ దగ్గరికి వెళ్లండి. డబ్బు మిగిలితే సాఫ్ట్‌వేర్ కంటే, రిసీవర్ కంటే ముందు మిద్దె మీది తీగకు, దాన్నుంచి కిందికి వచ్చే మంచి కోయాక్స్ కేబుల్‌కు పెట్టండి. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఉరుములు మొదలైతే ఆ కోయాక్స్ పీకి పక్కన పెట్టడం మరవొద్దు.

మాట్లాడే దశకు వచ్చాక

మన దేశంలో ప్రసారం చేయాలంటే కేంద్ర టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం పరీక్ష పాసై లైసెన్సు, కాల్‌సైన్ (గాలిలో మీ గుర్తింపు పేరు) తీసుకోవాలి. దరఖాస్తు సరళ్ సంచార్ పోర్టల్‌లో. రెస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కు వీయూ3తో, జనరల్ గ్రేడ్‌కు వీయూ2తో కాల్‌సైన్ మొదలవుతుంది. లైసెన్సు చేతికి రాకముందు మైకు గానీ, కంప్యూటర్ నుంచి ప్రసారం గానీ ముట్టుకోవద్దు. వినే రోజుల్లో కూడా పోలీసు, విమాన సంభాషణల జోలికి పోకండి.

ఐకామ్ ఐసీ-7300 లాంటి ట్రాన్స్‌సీవర్ (వినడం, ప్రసారం రెండూ చేసే రేడియో) కొన్నవాళ్లకు సాఫ్ట్‌వేర్ ఎంపిక సులువవుతుంది, ఎందుకంటే ఎస్‌డీఆర్ పని రేడియో లోపలే జరిగిపోతుంది. కంప్యూటర్‌కు మిగిలేవి డిజిటల్ మోడ్, లాగ్ (ఎవరితో మాట్లాడారో రాసుకునే పట్టిక). ఎఫ్‌టీ8కు డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్. భౌతికశాస్త్రంలో 1993 నోబెల్ అందుకున్న జో టేలర్ తన బృందంతో కలిసి అభివృద్ధి చేసింది ఇది, ఎఫ్‌టీ8 అందులోకి 2017లో వచ్చింది. దీన్నుంచే పుట్టిన జేటీడీఎక్స్ కూడా బాగుంటుందనేవాళ్లున్నారు, కిక్కిరిసిన బ్యాండ్‌లో దానికి అభిమానులు ఎక్కువ. కానీ మొదట అసలుదానితో మొదలుపెట్టండి, ఇబ్బంది వస్తే సాయం చేసేవాళ్లు దానికే ఎక్కువమంది దొరుకుతారు. కీబోర్డుతో తీరిగ్గా రాసుకుంటూ మాట్లాడాలంటే పీఎస్‌కే31 కోసం ఎఫ్‌ఎల్‌డిజి వేసుకోండి. ఎఫ్‌టీ8లో కాల్‌సైన్, సిగ్నల్ రిపోర్ట్ తప్ప కబుర్లుండవు.

సెటప్‌లో ముఖ్యమైనవి చెబుతాను. రేడియోను యూఎస్‌బీ-డీ మోడ్‌లో (ఇక్కడ యూఎస్‌బీ అంటే తీగ కాదు, అప్పర్ సైడ్‌బ్యాండ్), 14.074 గానీ 7.074 గానీ మెగాహెర్ట్జ్ మీద పెట్టండి. రేడియో మెనూలో డేటా మోడ్యులేషన్ యూఎస్‌బీ తీగ నుంచి వచ్చేట్టు మార్చాలి, ఇది మరిస్తే ప్రసారం అవుతున్నట్టు లైటు వెలుగుతుంది కానీ పవర్ సున్నా. డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్ సెట్టింగ్స్‌లో రేడియో మోడల్, కామ్ పోర్టు, బాడ్ రేటు రేడియోలో ఉన్నవాటితో కలవాలి. పీటీటీ, అంటే ప్రసారం మొదలుపెట్టే మీట, క్యాట్ (కంప్యూటర్ రేడియోను నడిపే దారి) ద్వారా. ఆడియోలో ఇన్‌పుట్, అవుట్‌పుట్ రెండూ యూఎస్‌బీ ఆడియో కోడెక్. ఇక్కడే విండోస్ ఒక గడుసు పని చేస్తుంది. కొత్త సౌండ్ కార్డు కనిపించగానే దాన్నే డిఫాల్ట్ చేసేస్తుంది. అప్పుడు వాట్సాప్ టింగుమన్నా, యూట్యూబ్ పాట మోగినా అది స్పీకర్‌కు బదులు రేడియోలోకి వెళ్తుంది, ప్రసారంలో ఉంటే గాలిలోకి కూడా. సౌండ్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి ల్యాప్‌టాప్ స్పీకర్‌నే డిఫాల్ట్‌గా పెట్టండి.

ఆడియో స్థాయి వాటర్‌ఫాల్ పక్కనున్న చిన్న మీటరులో ఉత్త నాయిస్ మీద 30 దగ్గర ఉండాలి. ప్రసారంలో పవర్ స్లైడర్‌ను ఏఎల్‌సీ (ప్రసార స్థాయి మించకుండా అదుపు చేసేది) మీటరు కదలని చోటికి దించండి. ఎఫ్‌టీ8 ప్రసారం 12.64 సెకన్లు విరామం లేకుండా సాగుతుంది, మైకులో మాట్లాడినట్టు మధ్యలో ఊపిరి ఉండదు. మే నెలలో మన గదుల వేడికి 100 వాట్ల రేడియోను 30 దగ్గర నడిపితే చాలు, దూరాలు దానికే అందుతాయి.

గడియారం సంగతి అన్నింటికన్నా ముఖ్యం. మీ కంప్యూటర్ సమయం రెండు మూడు సెకన్లు అటూ ఇటూ అయితే చుట్టూ సిగ్నళ్లు ఎన్ని ఉన్నా తెర మీద ఒక్క అక్షరం రాదు. విండోస్ తనంతట తాను సమయం సరిచేసుకుంటుందని నమ్మి కూర్చోవద్దు, మైన్‌బెర్గ్ ఎన్‌టీపీ లాంటిది వేసి ఉంచండి. నెట్ లేని పల్లెల్లో చిన్న యూఎస్‌బీ జీపీఎస్‌తో సమయం పట్టొచ్చు. గ్రిడ్, అంటే మీరున్న చోటు కోడ్, అడిగిన చోట అనంతపురం వాళ్లు ఎంకే84, కడప వాళ్లు ఎంకే94, కర్నూలు నగరం వాళ్లు ఎంకే95 వేయాలి. ఊరి పొలిమేరల్లో ఉంటే మ్యాప్‌లో సరిచూసుకోండి, కర్నూలుకు పడమటి పల్లెలు ఎంకే85లోకి వెళ్లిపోతాయి.

లైసెన్సు లేనివాళ్లు కూడా డాంగిల్‌తోనే ఎఫ్‌టీ8 వినొచ్చు. వీబీ-కేబుల్ అనే వర్చువల్ ఆడియో తీగ వేసుకోవాలి. పేర్లు తిరకాసుగా ఉంటాయి: ఎస్‌డీఆర్‌ప్లస్‌ప్లస్ శబ్దాన్ని కేబుల్ ఇన్‌పుట్‌లోకి పంపాలి, డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్ దాన్ని కేబుల్ అవుట్‌పుట్ నుంచి తీసుకోవాలి. యూఎస్‌బీ (అప్పర్ సైడ్‌బ్యాండ్) మోడ్, బ్యాండ్‌విడ్త్ 3 కిలోహెర్ట్జ్, నాయిస్ రిడక్షన్ ఆఫ్. మిద్దె మీద మామూలు డైపోల్ ఉన్నా యూరప్, జపాన్, ఇండొనేసియా కాల్‌సైన్లు తెర మీద వరుసగా దిగుతుంటే, పరీక్షకు చదవాలన్న ఉత్సాహం దానంతటదే వస్తుంది.

ఈ తలనొప్పులేవీ వద్దనుకునేవాళ్లకు మన తెలుగు నేల మీదే పుట్టిన దారి ఒకటుంది. బిట్‌ఎక్స్ కిట్లతో ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న హైదరాబాద్ హామ్ అష్‌హర్ ఫర్హాన్ రూపొందించిన ఎస్‌బిట్‌ఎక్స్‌లో రాస్ప్‌బెర్రీ పై కంప్యూటర్ రేడియో లోపలే ఉంటుంది. సాఫ్ట్‌వేర్ ఓపెన్ సోర్స్, ఎఫ్‌టీ8 అందులోనే కలిసి ఉంటుంది, వీబీ-కేబుల్, క్యాట్, సౌండ్ కార్డు గొడవ లేదు. పెద్ద కంపెనీ రేడియోలంత నునుపుగా ఉండకపోవచ్చు, అప్‌డేట్లకు లైనక్స్ కాస్త తెలిసి ఉండాలి. కానీ లోపల ఏం జరుగుతోందో తెరిచి చూసి మార్చుకునే స్వేచ్ఛ దేంట్లో ఉంది? నేర్చుకోవాలన్న తపన ఉన్న విద్యార్థికి నేను మొదట చూపించే ట్రాన్స్‌సీవర్ ఇదే.

ఉపగ్రహాలు, మిద్దె మీద పెట్టె

ఉపగ్రహాల కోసం ఎస్‌డీఆర్ కన్సోల్ చెప్పడానికి కారణం డాప్లర్. కింది కక్ష్యలో తిరిగే ఉపగ్రహం 435 మెగాహెర్ట్జ్ సిగ్నల్ వచ్చేటప్పుడు సుమారు 10 కిలోహెర్ట్జ్ పైన, పోయేటప్పుడు అంతే కింద వినిపిస్తుంది. ఎస్‌డీఆర్ కన్సోల్ ఉపగ్రహాన్ని తానే ట్రాక్ చేస్తూ ఫ్రీక్వెన్సీ సరిచేస్తూ పోతుంది. విండోస్ 64 బిట్, ఓ మాదిరి గ్రాఫిక్స్ ఉన్న కంప్యూటర్ మాత్రం తప్పనిసరి. అంతరిక్ష కేంద్రం నుంచి 437.800 మెగాహెర్ట్జ్ మీద వచ్చే రిపీటర్ (కింది నుంచి అందుకున్నదాన్ని తిరిగి ప్రసారం చేసేది) సిగ్నల్‌తో మొదలుపెడితే బలంగా ఉంటుంది, చేత్తో పట్టుకునే చిన్న యాంటెన్నా చాలు. వాతావరణ చిత్రాలకైతే అమెరికా నోవా ఉపగ్రహాల పాత ఏపీటీ ప్రసారాలు 2025లో ఆగిపోయాయి. పాత వీడియోలు చూసి 137 మెగాహెర్ట్జ్ మీద వాటికోసం ఎదురుచూడొద్దు. రష్యా మెటియోర్ చిత్రాలకు శాట్‌డంప్ వేసుకోండి.

హామ్‌లు వాడుకునే క్యూఓ-100 భూస్థిర ఉపగ్రహం మనవైపు నుంచి పడమరకు కాస్త దక్షిణంగా, 28, 29 డిగ్రీల ఎత్తులో కనిపిస్తుంది. పాత డిష్, దాని ముందు సిగ్నల్‌ను కింది ఫ్రీక్వెన్సీకి మార్చే ఎల్‌ఎన్‌బీ (9750 మెగాహెర్ట్జ్ లోకల్ ఆసిలేటర్ ఉన్నది) ఉంటే దాని సిగ్నల్ డాంగిల్‌లో 739.5 నుంచి 740 మెగాహెర్ట్జ్ మధ్య దొరుకుతుంది. ఎల్‌ఎన్‌బీ ఫ్రీక్వెన్సీ ఎండకు జరుగుతూనే ఉంటుంది. ఎస్‌డీఆర్ కన్సోల్ ఉపగ్రహ బీకన్‌ను (ఎప్పుడూ వచ్చే గుర్తు సిగ్నల్‌ను) పట్టుకుని ఆ జరుగుడును సరిచేస్తుంది, మిగతా సాఫ్ట్‌వేర్లలో ఇంత హాయిగా ఉండదు. ఎల్‌ఎన్‌బీకి ఇచ్చే కరెంటు డాంగిల్‌లోకి రాకుండా సరైన బయాస్-టీ మధ్యలో పెట్టండి, 13 వోల్టులు తగిలితే డాంగిల్ బతకదు.

మిద్దె మీద యాంటెన్నా దగ్గరే రాస్ప్‌బెర్రీ పై, డాంగిల్ పెట్టి కింద కూర్చుని వినాలనుకునేవాళ్లకు లెక్క ఒకటి. 2.4 మెగాహెర్ట్జ్ శాంపిల్ రేటుతో డాంగిల్ సెకనుకు 4.8 మెగాబైట్లు పంపుతుంది, అంటే 38 మెగాబిట్లకు పైనే. రెండు గోడలు దాటి వచ్చే వైఫై దీన్ని మోయలేదు, శబ్దం తెగిపోతుంది. శాంపిల్ రేటు 250 కిలోహెర్ట్జ్‌కు దించితే 4 మెగాబిట్లతో సరిపోతుంది. లేదా రాస్ప్‌బెర్రీ పైలో ఓపెన్‌వెబ్‌ఆర్‌ఎక్స్ వేయండి. డీకోడింగ్ అంతా మిద్దె మీదే జరిగి, బ్రౌజర్‌కు కావాల్సినంతే కిందికి వస్తుంది, ఫోన్‌లో కూడా వినొచ్చు. ఇంట్లో నలుగురు వినాలన్నా, కాలేజీ క్లబ్‌లో ఒక్క యాంటెన్నాను అందరూ పంచుకోవాలన్నా నా ఓటు దీనికే. పెట్టెకు గాలి ఆడే రంధ్రాలు, పైన నీడ తప్పక ఉండాలి. మన ఎండకు మూసిన ప్లాస్టిక్ డబ్బాలో రాస్ప్‌బెర్రీ పై నిలవదు.

లాగ్‌కు విండోస్‌లో లాగ్4ఓఎం, లైనక్స్‌లో సీక్యూఆర్‌లాగ్ సరిపోతాయి. పోటీల్లో పాల్గొనేవాళ్లకు ఎన్1ఎంఎం. ఏది వేసుకున్నా డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్ నుంచి లాగ్ నేరుగా అందులోకి వెళ్లేలా మొదటిరోజే కలిపేయండి. కాంటాక్టులను ఆన్‌లైన్‌లో ధ్రువీకరించే ఎల్‌ఓటీడబ్ల్యూలో నమోదుకు మన దేశం వాళ్లు లైసెన్సు, మరో గుర్తింపు పత్రం స్కాన్ చేసి పంపాలి. వచ్చే సర్టిఫికెట్ ఆ కంప్యూటర్‌లోనే ఉండిపోతుంది కాబట్టి దాని టీక్యూఎస్‌ఎల్ ప్రోగ్రామ్‌లో బ్యాకప్ తీసి పెన్‌డ్రైవ్‌లో దాచండి. విండోస్ మళ్లీ వేయాల్సి వస్తే ఆ ఫైలే మీ సర్టిఫికెట్‌ను తిరిగి తెస్తుంది.